ఇంట్లో సముద్రం పెట్టేముందు...

కృష్ణ ఒడ్డునున్న మా ముక్త్యాలలో ఉప్పునీటి చేపలేమిటని చాలామంది అడిగారు. క్లౌన్ చేపల మీద పిల్లలు మోజుపడితే కాదనలేం కదా! అయితే చవకని చిన్న తొట్టె కొనకండి. నీళ్లు తక్కువైతే మిగిలిన మేత కుళ్లినా చాలు, అంతా విషమే. నేను 150 లీటర్లది తీసుకున్నాను. నీళ్ల బరువే 150 కిలోలు దాటుతుంది, బల్ల గట్టిదై ఉండాలి.

వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పును ఆర్.ఓ. నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. మాది సున్నపురాయి నేల, అందుకే నేను బోరునీళ్లు వాడను. ఎండలకి నీళ్లు తగ్గితే ఉప్పు లేని ఆర్.ఓ. నీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు.

ఇక ఫిల్టరు. స్పాంజి ముఖ్యంగా మురికిని ఆపుతుంది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది బాక్టీరియా. సిరామిక్ ముక్కల మీద అది పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టరు ఆపకుండా నడపండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే చేపలు వేయాలి, అదీ ఒక జతే. అందం కోసం సముద్రపు పగడాలు తేకండి, చట్టరీత్యా నేరం.

కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలిపంపు తప్పనిసరి. ఖాళీ తొట్టెని చూసి ఇంట్లోవాళ్లు విసుక్కున్నా తొందరపడకండి. ఆ ఓపికే చేపల ప్రాణాన్నీ, మీ డబ్బునీ కాపాడుతుంది.