లాప్‌టాప్ నిండిందా? తూర్పారబట్టండి, విత్తనం మాత్రం జాగ్రత్త

మనలో చాలామంది ఇప్పుడు పొలం పనితో పాటు వీడియోలు కూడా తీస్తున్నాం. జీవామృతం తయారీ, నవధాన్యాలు చల్లడం, కోత, అమ్మకం అన్నీ తీసి ఎడిటింగ్ చేస్తున్నాం. నాలుగైదు వీడియోలు అయ్యేసరికి "డిస్క్ నిండింది" అని లాప్‌టాప్ ఆగిపోతుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని, పెద్దగా కనిపించే ఒరిజినల్ క్లిప్పులు తీసేయడం. అంటే పొల్లు కళ్లంలోనే ఉంచి విత్తనం పారబోసినట్టు. ఏది గింజ, ఏది పొల్లు అనేది పై వీడియోలో చూపించాం. చూసే వీలు లేనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

అసలు స్థలం ఎవరు తింటున్నారు?

చిన్న లెక్క చూడండి. ఫోనులో ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకి 17 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 8 జీబీ లోపే అవుతుంది. కెమెరాలో 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్లతో తీస్తే గంటకి 45 జీబీ. ఇది మనం తీసింది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దీన్ని సాఫీగా ఆడించడానికి పక్కన ఇంకో రూపం తయారు చేసుకుంటుంది. దాన్నే క్యాష్ అంటారు. డావిన్చీ రిజాల్వ్‌లో క్యాష్ ఫార్మాట్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అని పెట్టి ఉంటే, సెకనుకి 30 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీకి గంటకి సుమారు 100 జీబీ పడుతుంది. చూశారా, 8 జీబీ ఒరిజినల్‌కి 100 జీబీ క్యాష్! మనం తీసినదానికంటే మిషన్ రాసుకున్నదే పది రెట్లు దాటింది. స్థలం పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫిల్మ్‌నగర్ పద్ధతి

ఈ బాధ సినిమావాళ్లకి ఎప్పుడో తెలుసు. రీళ్ల కాలంలో ఎడిటర్ ఎప్పుడూ నెగెటివ్ మీద కత్తెర పెట్టేవాడు కాదు. నెగెటివ్ ల్యాబులో భద్రంగా ఉండేది. దాని నుంచి తీసిన రష్ ప్రింటు మీదే కోతలు, అతుకులు అన్నీ. ఎడిటింగ్ ఖాయం అయ్యాక, ఫిల్ము అంచున ఉన్న నంబర్లు చూసుకుంటూ చివర్లో నెగెటివ్‌ని కోసేవారు. రష్ ప్రింటు చిరిగితే ఇంకోటి వేసుకోవచ్చు. నెగెటివ్ పోతే మళ్లీ షూటింగే.

మన లాప్‌టాప్‌లోనూ అదే లెక్క. ఒరిజినల్ క్లిప్పులు నెగెటివ్. ప్రాక్సీలు, క్యాష్ రష్ ప్రింటు. ఎక్కడ కోశామో రాసుకున్న నంబర్ల కాగితం ప్రాజెక్ట్ ఫైల్.

1957లో నలుపు తెలుపులో వచ్చిన మాయాబజార్ 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైంది. అసలు ఫిల్ము మిగిలి ఉండబట్టే అది కుదిరింది. 2019 డిసెంబరులో జూబ్లీహిల్స్ పక్కనున్న అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు ఫిల్ములు భద్రపరచడం, బాగుచేయడం మీద వారం రోజుల శిక్షణ పెట్టారు. అసలు ప్రతిని కాపాడటం అంత పెద్ద పని కాబట్టే దానికి శిక్షణ కావాల్సి వచ్చింది.

నిర్భయంగా తీసేయదగ్గవి

1. ప్రీమియర్ ప్రో వాడేవాళ్లు: ప్రాజెక్టులు మూసేసి, ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో మీడియా క్యాష్‌కి వెళ్లి డిలీట్ నొక్కండి. పాత క్యాష్ దానంతట అదే పోయే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. క్యాష్ ఫోల్డర్‌ని సి డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కి కూడా మార్చుకోవచ్చు.

2. రిజాల్వ్ వాడేవాళ్లు: ప్లేబ్యాక్ మెనూలో డిలీట్ రెండర్ క్యాష్ ఉంటుంది. వీడియో పూర్తయితే "ఆల్", ఇంకా పని నడుస్తుంటే "అన్‌యూజ్డ్" ఎంచుకోండి.

3. పూర్తయిన వీడియోల ప్రాక్సీలు. తీసే ముందు ఒరిజినల్ క్లిప్పులు ఉన్నాయో లేదో తెరిచి చూడండి.

4. "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లాస్ట్" అని పేరుకుపోయిన ఎక్స్‌పోర్టులు. ఒక్క మంచి కాపీ ఉంచితే చాలు.

5. చివరగా రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. లేకపోతే తీసేసినవన్నీ డిస్కులోనే ఉంటాయి.

ఫోనులో ఎడిటింగ్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. యాప్ సెట్టింగ్స్‌లో "క్లియర్ క్యాష్" నొక్కొచ్చు. పక్కనే ఉండే "క్లియర్ డేటా" లేదా "క్లియర్ స్టోరేజ్" నొక్కితే యాప్‌లో దాచిన ప్రాజెక్టులు కూడా పోతాయి.

ముట్టుకోకూడనివి

ఒరిజినల్ క్లిప్పులు, విడిగా రికార్డు చేసిన మాటలు, వాడిన ఫోటోలు, ప్రాజెక్ట్ ఫైల్, ఒక ఫైనల్ వీడియో. ఈ ఐదూ విత్తనం.

రిజాల్వ్‌లో ఒక మెలిక ఉంది. ప్రాజెక్ట్ మన క్లిప్పుల ఫోల్డర్‌లో ఉండదు, దాని సొంత డేటాబేస్‌లో ఉంటుంది. కాబట్టి ఫోల్డర్ కాపీ చేసుకుంటే సరిపోదు. ప్రాజెక్ట్ మేనేజర్‌లో ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఇస్తే క్లిప్పులతో సహా ఒకచోటికి వస్తుంది. ప్రీమియర్‌లో ఇదే పని ఫైల్ మెనూలోని ప్రాజెక్ట్ మేనేజర్ చేస్తుంది.

"యూట్యూబ్‌లో ఉంది కదా" అని ఊరుకోకండి. యూట్యూబ్ స్టూడియో నుంచి మన వీడియోనే తిరిగి దించుకుంటే 720పి లేదా 360పిలోనే వస్తుంది. పైగా అక్కడ ఉండేది ఎడిట్ చేసిన పది నిమిషాలే, మనం తీసిన రెండు గంటలు కాదు.

రెండు కాపీలు, రెండు చోట్ల

సినిమా షూటింగుల్లో కెమెరా కార్డుని ఒకటికి మించిన డ్రైవుల్లోకి కాపీ చేసి, సరిపోల్చుకున్నాకే ఖాళీ చేస్తారు. మనమూ అంతే చేద్దాం. రెండు హార్డ్ డిస్కులు తీసుకోండి, ఒకటి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు ఒకటేనా చూడండి. నాలుగైదు క్లిప్పులు ఆడించి చూశాకే లాప్‌టాప్‌లోవి తీయండి. ఫోల్డర్ పేరులో తేదీ, మడి, పంట, దశ రాయండి. "2024-08-12, కింది మడి, వరి, పిలక దశ" అంటే ఐదేళ్ల తర్వాతైనా దొరుకుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, సినిమాలో పోయిన సీను సెట్ వేసి మళ్లీ తీయొచ్చు. సుడిదోమ పట్టిన రోజు పొలం, వేప కషాయం కొట్టాక వారానికి అదే పొలం, వీటిని మళ్లీ తీయలేం. "మందులు లేకుండా పండుద్దా?" అని అడిగే పక్క రైతుకి, కొనేవాళ్లకి మన దగ్గరున్న సాక్ష్యం ఆ తేదీ వేసిన క్లిప్పులే. క్యాష్ మిషన్ ఓ పూటలో మళ్లీ తయారు చేస్తుంది. సీజన్ కోసం మాత్రం ఏడాది ఆగాలి.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించి ముందు క్యాష్ ఒక్కటే తీసి చూడండి. ఎన్ని జీబీలు ఖాళీ అయ్యాయో కింద రాయండి.