చిన్న జాతి కుక్కను దత్తత తీసుకొనే ముందు

రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీలో గానీ, గోదావరిఖనిలో గానీ రెండు గదుల క్వార్టర్‌కు చిన్న కుక్క అనువైనదని చాలామంది భావిస్తారు. స్థలం వరకు అది నిజమే. కాని పొమెరేనియన్, పగ్ వంటి టాయ్ జాతుల విషయంలో మీరు ముందుగా వేసవిని గురించి ఆలోచించాలి.

కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుంచి 39 డిగ్రీలు. మనలాగా దానికి ఒళ్లంతా చెమట పట్టదు; నాలుక చాపి రొప్పుతూ వేడిని తగ్గించుకొంటుంది. పగ్‌కు ముక్కు అణగి, గాలిదారులు ఇరుకుగా ఉండటం వల్ల ఆ రొప్పడమే కష్టం. 2003 నాటి హచ్ ఫోన్ ప్రకటన ఈ జాతిని ఇంటింటికీ పరిచయం చేసింది గాని, ముక్కు సంగతి చెప్పలేదు! మీరు షిఫ్ట్‌కు వెళ్లాక మే నెల మధ్యాహ్నం దాన్ని రేకుల వరండాలో కట్టేస్తే వడదెబ్బకు చనిపోవచ్చు. ఇంటి లోపల, ఫ్యాన్ కింద, నీళ్లు అందేలా ఉంచాలి.

రెండవది ఆయుర్దాయం. పొమెరేనియన్ సాధారణంగా 12 ఏళ్లకు పైగా బతుకుతుంది. సింగరేణిలో విరమణ వయస్సు 61. 52 ఏళ్ల కార్మికుడు ఇవాళ పిల్లను తెచ్చుకొంటే, క్వార్టర్ ఖాళీ చేసేనాటికి దానికి తొమ్మిదేళ్లు. అప్పుడు దాన్ని ఎక్కడ ఉంచుతారు? అందుకే, మరో కుటుంబం వెంట తీసుకుపోలేక వదులుకొంటున్న ఐదారేళ్ల కుక్కను దత్తత తీసుకోవడం నా దృష్టిలో మేలు. తీసుకొనేటప్పుడు రేబిస్ టీకా కార్డు అడగండి, పళ్లు చూడండి, కొంతదూరం నడిపించండి. మధ్యమధ్య వెనుక కాలు ఎత్తి గెంతుతుంటే మోకాలిచిప్ప జారుతూ ఉండవచ్చు. పశువైద్యునికి చూపించాకే నిర్ణయించుకోండి.