గోటి మొదట్లో కిటికీ

క్రిందటి జనవరిలో ఓక్‌విల్ స్టేషన్‌లో గో రైలు కోసం నిలబడ్డాం. "ఏమండీ, ఇలా చూడండి" అంటూ మా ఆవిడ గ్లవ్ తీసింది. రెండు వేళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. కాసేపటికి నీలంగా, రైలెక్కి వెచ్చబడ్డాక ఎర్రగా మారాయి. "కెనడా చలి మరి!" అని తేల్చేశాను. ఫామిలీ డాక్టరు అలా తేల్చెయ్యలేదు. రుమటాలజిస్టు దగ్గరకి పంపారు.

వేళ్ళు ఇలా రంగులు మార్చడాన్ని 1862లో వర్ణించినది మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు. ఆయన పేరు మీదే దీన్ని రేనో లక్షణం అంటున్నాం. చాలామందిలో ఇది ప్రమాదం లేనిదే. చలికి సన్నటి రక్తనాళాలు అతిగా ముడుచుకుంటాయి, అంతే. కొద్దిమందిలో మాత్రం ఇది స్క్లీరోడెర్మాకి తొలి గుర్తు. ఆ జబ్బు చర్మాన్ని బిగదీయడంతో ఆగదు. ఊపిరితిత్తులనీ, గుండెనీ, మూత్రపిండాలనీ పట్టుకోగలదు.

ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం ఎలా? గోటి మొదట్లో ఉన్న చర్మపు మడతని చూసి! మిగతా చోట్ల కేశనాళికలు నిలువుగా ఉంటాయి కనుక పైనుంచి చుక్కల్లా కనబడతాయి. ఇక్కడ మాత్రం పడుకుని ఉంటాయి. ఒక చుక్క నూనె వేసి సూక్ష్మదర్శినితో చూస్తే హెయిర్‌పిన్నులు వరసగా పేర్చినట్లుంటాయి. సాధారణంగా మిల్లీమీటరుకి ఏడుకి తగ్గవు. స్క్లీరోడెర్మాలో కొన్ని 50 మైక్రానులు దాటి ఉబ్బుతాయి, కొన్ని చిట్లి రక్తపు మరకలు మిగులుస్తాయి, పోనుపోను నాళికలే మాయమై ఖాళీలు ఏర్పడతాయి. మన భాషలో చెప్పాలంటే, సర్వరు కూలకముందే లాగ్ ఫైలులో కనబడే హెచ్చరికలన్నమాట.

ఈ హెచ్చరికలని నమ్మచ్చా? మాంట్రియాల్ పరిశోధకులు 20 ఏళ్ళపాటు సాగిన పరిశీలన ఫలితాలని 2008లో ప్రచురించారు. రేనో లక్షణం ఉన్న 586 మందిలో 74 మందికి స్క్లీరోడెర్మా వచ్చింది. మొదట్లోనే నాళికల్లో తేడాలూ, రక్తంలో ఈ జబ్బుకి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలూ రెండూ ఉన్నవారిలో దాదాపు 80 శాతం మందికి వచ్చింది. రెండూ లేనివారిలో 2 శాతానికి లోపే. 2013లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు ఈ నాళికల తేడాలని వర్గీకరణ ప్రమాణాల్లో చేర్చాయి.

జబ్బుని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కాని ముందే తెలిస్తే ఊపిరితిత్తులనీ, రక్తపు పోటునీ కనిపెట్టుకుని ఉండి, అవసరమైనప్పుడు మందులు ఆలస్యం కాకుండా మొదలుపెట్టచ్చు.

ఆ రోజు తెరమీద మా ఆవిడ నాళికలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. రక్తపరీక్షలోనూ ఏమీ లేదు. "చేతులు వెచ్చగా ఉంచుకోండి, మార్పు కనబడితే రండి" అన్నారు డాక్టరు.

మీ ఇంట్లో ఎవరి వేళ్ళయినా ఇలా రంగులు మారుతుంటే మంచి గ్లవ్స్ కొనండి. డాక్టరుకి కూడా చూపించండి. నాలాగా చలి మీదకి నెట్టెయ్యకండి.