విందు సాయంత్రం వెనుక భూమి అద్దె: హౌజ్ ఖాస్ విలేజ్ ఉదాహరణ

దక్షిణ ఢిల్లీలోని హౌజ్ ఖాస్ విలేజ్‌కు మీరు ఒక శనివారం సాయంత్రం వెళ్లారనుకోండి. సన్నని సందులు, ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన మేడలు. ఇరుకు మెట్లెక్కి పై అంతస్తుకు చేరితే ఒక రెస్టారెంటు. అక్కడి నుంచి చూస్తే కింద చెరువు, గట్టున ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో కట్టించిన మదర్సా, అతని సమాధి కనిపిస్తాయి. భోజనం, పానీయాలు ముగిశాక బిల్లు వస్తుంది. అందులో తిన్నవాటి ధర, పన్ను ఉంటాయి. ఆ మేడకు చెల్లించే అద్దె మాత్రం విడిగా కనిపించదు. అది ప్రతి పదార్థం ధరలోనూ కలిసి ఉంటుంది. ఈ భాగంలో మనం పరిశీలించేది ఆ అద్దెనే.

జెంట్రిఫికేషన్ అంటే ఏమిటి?

ఈ పదాన్ని 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రయోగించారు. లండన్‌లో ఇస్లింగ్టన్ వంటి పేటల్లో శ్రామికులు అద్దెకున్న పాత ఇళ్లను మధ్యతరగతివారు తీసుకొని బాగుచేయించుకోవడం, పాతవారు క్రమంగా అక్కడి నుంచి వెళ్లిపోవలసి రావడం ఆమె గమనించారు. కాబట్టి పేట అందంగా మారినంత మాత్రాన అది జెంట్రిఫికేషన్ కాదు. తక్కువ ఆదాయంవారి స్థానంలోకి ఎక్కువ ఆదాయంవారు రావాలి. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా కేఫ్‌గా మారితే దాన్ని జెంట్రిఫికేషన్ అనలేం. అక్కడ ముందు నుంచీ ఉన్నది సంపన్నులే.

ఈ మార్పు ఎందుకు వస్తుంది? 1979లో నీల్ స్మిత్ అనే భౌగోళిక శాస్త్రవేత్త ‘అద్దె అంతరం’ అనే భావనతో సమాధానమిచ్చారు. ఒక స్థలం మీద ఇప్పుడు వస్తున్న భూమి అద్దెకూ, అదే స్థలాన్ని మరో విధంగా వాడితే రాగల అద్దెకూ మధ్య తేడా బాగా పెరిగినప్పుడు పెట్టుబడి అక్కడికి చేరుతుంది.

హౌజ్ ఖాస్‌లో ఏం జరిగింది?

మన రెవెన్యూ లెక్కల్లో ‘గ్రామకంఠం’ అనే మాట మీరు వినే ఉంటారు. ఢిల్లీలో దానికి దగ్గరగా ఉన్నది ‘లాల్ డోరా’. ఊరి నివాస స్థలం చుట్టూ పటంలో గీసిన ఎర్ర గీత అది. నగరం విస్తరించినప్పుడు పొలాలు కాలనీలయ్యాయి. గీత లోపలి ఊరు మాత్రం మిగిలింది. గ్రామస్థుల సౌకర్యం కోసం 1963లో ఈ స్థలాలకు భవన నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. చుట్టూ సంపన్న కాలనీలు, పక్కనే చారిత్రక కట్టడం, లోపల తక్కువ అద్దెలు: అద్దె అంతరం సిద్ధంగా ఉంది. 1980ల చివర బొటిక్‌లు, కళాకారుల స్టూడియోలు వచ్చాయి. తరువాత రెస్టారెంట్లు, బార్లు వచ్చాయి.

లాభనష్టాలు ఎవరివి?

లండన్‌లో శ్రామికులు అద్దెదారులు కనుక ఇల్లు పోగొట్టుకున్నారు. హౌజ్ ఖాస్‌లో చాలామంది గ్రామస్థులు ఇంటి యజమానులు. పొలం పోయినా, ఇల్లు అద్దెకిచ్చి ఆదాయం పొందారు. పెరిగిన అద్దె భరించలేనివారు చిన్న దుకాణదారులు, కళాకారులు, గదుల్లో అద్దెకున్నవారు. పేటకు పేరు తెచ్చినవారిలో కొందరు ఆ పేరు వల్లనే వెళ్లిపోవలసి వచ్చింది. ఈ తేడాకు మూలం ఆస్తి హక్కు.

మరొక నష్టం అందరిదీ. కొద్ది కుటుంబాల నివాసానికి సరిపోయిన సందులు, మురుగు కాలువలు వందలాది అతిథుల భారాన్ని మోయాలి. నిప్పంటుకుంటే ఆ సందుల్లోకి అగ్నిమాపక వాహనం వెళ్లడం కష్టం. 2013లో కాలుష్యంపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వచ్చిన కేసు కారణంగా అక్కడి పలు రెస్టారెంట్లు కొంతకాలం మూతపడ్డాయి. ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చిన మినహాయింపు వ్యాపారానికి పెట్టుబడిగా మారింది. దాని ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ చేరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్లో ఇటీవల హోటళ్లు, కేఫ్‌లు పెరిగిన ఒక వీధిని ఎంచుకోండి. పదేళ్ల క్రితం అక్కడ ఎవరుండేవారో పెద్దలను అడగండి. వారు సొంత ఇంట్లో ఉన్నారా, అద్దెకా? ఇప్పుడెక్కడున్నారు? ఆ వీధి నీరు, మురుగు, చెత్త భారం ఎవరు మోస్తున్నారు? ఈ సమాధానాల ఆధారంగా అది జెంట్రిఫికేషన్ అవునో కాదో 15 పంక్తుల్లో రాయండి.