ఫిస్టులా: దాచుకుంటే ముదిరే జబ్బు



నాయ్‌గావ్, నర్సీ, బిలోలీ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు మన తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుకుంటాం. పంట ధర అయినా, పిల్లల చదువైనా, కచేరీ పనైనా రెండు భాషల్లోనూ చెప్పుకోగలం. కాని కొన్ని జబ్బుల సంగతి సొంతవాళ్ళ దగ్గర సొంత భాషలో ఎత్తడానికే నోరు రాదు. ఇక మరాఠీలో డాక్టరుగారికి ఏం చెబుతాం? ఫిస్టులా అలాంటి జబ్బు. ఇది ఎందుకు వస్తుంది, ఎలా తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ఏమవుతుంది అనే విషయాలు ఈ పూట తెలుసుకుందాం.

లాటిన్ భాషలో ఫిస్టులా అంటే గొట్టం. శరీరంలో ఉండకూడని చోట పడిన దారికి వైద్యులు ఈ పేరు పెట్టారు. పేగుకూ చర్మానికీ మధ్య, మూత్రాశయానికీ యోనికీ మధ్య, ఇలా రెండు వేరు వేరు భాగాల నడుమ ఈ దారి పడుతుంది. కాలువ గట్టుకు ఎలుక బొరియ చేస్తే ఏమవుతుందో రైతు సోదరులకు తెలుసు. నీళ్ళు పారుతున్నంతసేపు పైనుంచి ఎంత మట్టి వేసినా నిలవదు. ఇదీ అంతే. లోపలినుంచి చీమో, మలమో, మూత్రమో పారుతున్నంతకాలం మలాము రాసినా, మాత్రలు మింగినా ఆ దారి పూడదు.

సుశ్రుత సంహితలో నయం చేయడం కష్టమైన వ్యాధులు ఎనిమిదింటిని మహారోగాలుగా లెక్కపెట్టారు. వాటిలో భగందరం ఒకటి. మూఢగర్భం, అంటే బిడ్డ అడ్డుపడి కాన్పు కాకపోవడం, మరొకటి. ఈ రోజు ముఖ్యంగా చెప్పుకోబోయే రెండు రకాల ఫిస్టులాలూ ఈ రెండింటికి సంబంధించినవే.

ముందుగా భగందరం. మరాఠీలోనూ భగందర్ అనే అంటారు. మలద్వారం లోపల చుట్టూ చిన్న చిన్న గ్రంథులుంటాయి. వాటి మూతులు పూడుకుపోయి చీము పడితే పక్కన గడ్డ లేస్తుంది. జ్వరం వస్తుంది, కూర్చోలేనంత నొప్పి ఉంటుంది. గడ్డ పగిలినా, డాక్టరు కోసినా చీము పోయి నొప్పి తగ్గుతుంది. రోగి బాగైపోయిందనుకుంటాడు. కాని ఇలాంటి గడ్డ లేచినవారిలో దాదాపు మూడోవంతు మందికి లోపలి మూతి తెరుచుకునే ఉండి గొట్టం తయారవుతుంది. తర్వాత కొన్నాళ్ళు చీము కారడం, కొన్నాళ్ళు ఆగడం, మళ్ళీ గడ్డ లేవడం ఇలా సాగుతుంది. క్షయ, పేగులను పుండుచేసే క్రోన్స్ వ్యాధి, అరుదుగా కేన్సర్ కూడా దీనికి కారణమవుతాయి. అందుకే తీసిన ముక్కను పరీక్షకు పంపిస్తారు.

చాలామంది దీన్ని మొలలనుకుంటారు. మొలలంటే రక్తనాళాలు ఉబ్బడం. వాటిలో సాధారణంగా నెత్తురు పడుతుంది. భగందరంలో ముఖ్య లక్షణం చీము. బస్ స్టాండుల దగ్గరా, సంతల్లోనూ మూళవ్యాధ్, భగందర్ రెండూ ఒకే ఇంజెక్షనుతో ఆపరేషన్ లేకుండా మాయం చేస్తామనే బోర్డులు కనిపిస్తాయి. రెండు జబ్బులకూ ఒకే మందు అన్నచోట కాలు పెట్టకండి. అక్కడ కండరం పాడైతే మలం ఆపుకునే శక్తి పోతుంది. దాన్ని తిరిగి తెప్పించడం చాలా కష్టం.

వైద్యం ఆ గొట్టం ఎటు పోయిందనేదాన్ని బట్టి ఉంటుంది. అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీసి చూస్తారు. బిగింపు కండరానికి పైపైన ఉంటే గొట్టాన్ని చీల్చి తెరిచి, అడుగునుంచి మాననిస్తారు. కండరంలో ఎక్కువ భాగం గుండా పోతే చీల్చరు. దారం వేసి నెమ్మదిగా చీము పోనిస్తారు, లేదా కండరాల నడుమ గొట్టాన్ని కట్టి కోస్తారు. ఈ రెండో పద్ధతి 2007లో థాయిలాండ్ వైద్యులు వివరించినది.

ఆయుర్వేదంలో క్షారసూత్ర చికిత్స ఉంది. గట్టి దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు మొత్తం 21 పూతలు పూసి ఆరబెడతారు. దాన్ని గొట్టంలోంచి పోనిచ్చి వారానికోసారి మారుస్తారు. అది కొద్దికొద్దిగా కోస్తూ, వెనకనే మానుతూ వస్తుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు దీన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన పరీక్షల ఫలితాలు 1991లో వెలువడ్డాయి. మానడానికి ఆపరేషన్ కంటే ఎక్కువ వారాలు పట్టినా, ఏడాదిలో తిరగబెట్టడం క్షారసూత్రంలో నూటికి 4, ఆపరేషన్‌లో నూటికి 11గా తేలింది. అయితే ఇది చదువుకున్న శల్య వైద్యుడు చేయవలసిన పని. నాందేడ్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ అడగవచ్చు.

ఇక రెండో రకం. ఈ మాటలు అమ్మలు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ అత్తలు, భర్తలు అందరూ వినాలి.

కాన్పు నొప్పులు ఒకటి రెండు రోజులు సాగి, బిడ్డ తల దిగక ఇరుక్కుపోతే, ఆ తలకూ తల్లి ఎముకకూ మధ్య మూత్రాశయం నలుగుతుంది. నెత్తురు ఆడక అక్కడి కండ చచ్చిపోతుంది. కొన్ని రోజులకు అది ఊడిపోయి రంధ్రం పడుతుంది. అప్పటినుంచి మూత్రం రాత్రీ పగలూ తనంతట తానే కారుతుంది. రంధ్రం వెనకవైపు పడితే మలం కూడా వస్తుంది. ఇలాంటి కాన్పుల్లో బిడ్డ దక్కడం అరుదు. తల్లికి బిడ్డ పోయిన దుఃఖం ఒకవైపు, ఈ తడి, ఈ వాసన మరొకవైపు. చర్మం పుండ్లు పడుతుంది, మూత్రపిండాలకు చీము పట్టవచ్చు, కొందరికి నరాలు నలిగి పాదం జారుతుంది. వాసన వస్తుందని కొందరు నీళ్ళు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రం చిక్కబడి మంట, వాసన ఇంకా పెరుగుతాయి. నీళ్ళు బాగా తాగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 50 వేల నుంచి లక్షమంది స్త్రీలకు ఈ జబ్బు వస్తోంది. ఇథియోపియాలోని అడిస్ అబాబాకు 1959లో వచ్చిన హామ్లిన్ అనే డాక్టరు దంపతులు 1974లో దీనికోసమే ఒక ఆసుపత్రి కట్టించారు. 2013 నుంచి ఐక్యరాజ్యసమితి మే 23ను ఈ జబ్బు నిర్మూలన దినంగా జరుపుతోంది.

మన దేశంలో ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఇరుక్కుపోయిన కాన్పులు తగ్గాయి. ఇప్పుడు మరో కారణం ముందుకు వచ్చింది. గర్భసంచి తీసే ఆపరేషన్‌లోనో, సిజేరియన్‌లోనో మూత్రాశయానికి దెబ్బ తగిలితే ఇదే ఫిస్టులా వస్తుంది. మన మరాఠ్వాడాలోనే బీడ్ జిల్లాలో చెరుకు కోత కూలి స్త్రీలకు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీసేశారన్న విషయం 2019లో బయటపడి, ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. కూలి పోతుందనో, తెల్లబట్ట అవుతోందనో గర్భసంచి తీయించుకోవద్దు. ఒక డాక్టరు తీయాలంటే ఇంకొక డాక్టరును అడగండి.

వైద్యం విషయంలో ఇక్కడ కాలం చాలా ముఖ్యం. మూత్రం కారుతోందని మొదటి రోజుల్లోనే చెబితే, మూత్రాశయంలో గొట్టం వేసి కొన్ని వారాలు ఉంచుతారు. చిన్న రంధ్రమైతే దానంతటదే పూడిపోవచ్చు. బొరియలో నీళ్ళు పారడం ఆపితే గట్టు గట్టిపడినట్టే ఇదీ. ఆ అదను దాటితే వాపు, చీము తగ్గేదాకా సాధారణంగా మూడు నెలలు ఆగి ఆపరేషన్ చేస్తారు. అనుభవమున్న చేతుల్లో నూటికి 80, 90 మందికి రంధ్రం మూసుకుంటుంది. మొదటి ఆపరేషనే బాగా జరగాలి, రెండోసారికి కండ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు భర్త దూరంగా ఉండాలి. మళ్ళీ గర్భం వస్తే కాన్పు సిజేరియనే. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దాచుకున్నవారికి కూడా ఆపరేషన్ చేయవచ్చు.

రాకుండా చూసుకునే దారి ఏమిటి? 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయవద్దు. ఎదగని నడుములో బిడ్డ తల ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. నొప్పులు మొదలవగానే 108కి ఫోన్ చేయండి. ఈ నంబరు మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ పనిచేస్తుంది. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు ఉచితం.

ఒక మాట వేరుగా చెప్పాలి. డయాలిసిస్ రోగులకు చేతిలో రక్తనాళాలు రెండు కలిపి కుట్టేదాన్నీ ఫిస్టులా అంటారు. అది 1966లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఉపాయం, జబ్బు కాదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, ఆ చేతినుంచి నెత్తురు తీయనివ్వకండి.

చివరగా, విష్ణుపురిలోని డాక్టర్ శంకర్రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చెప్పడానికి రెండు వాక్యాలు. కాన్పు తర్వాత మూత్రం కారుతుంటే ‘బాళంతపణానంతర్ లఘవీ ఆపోఆప్ గళతే’ అనండి. భగందరమైతే ‘సండాసచ్యా జాగేజవళూన్ పూ యేతో’ అనండి. మరాఠీలో పూ అంటే చీము. చదువుకున్న పిల్లలు ఈ వాక్యాలు రాసిపెట్టి, అవసరమైన అమ్మకో, పొరుగింటి పెద్దమ్మకో ఇవ్వండి. చీటీ చూపిస్తే చాలు, మిగిలినది డాక్టరుగారే అడుగుతారు. నిజామాబాదు ఆసుపత్రికి వెళితే తెలుగులోనే చెప్పవచ్చు.