తల్లే బడి, అడవే పాఠం

ట్రాఫిక్‌లో మాకు రైలు కూతతో తెల్లవారుతుంది. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో మాత్రం "హూ... హూ..." అనే పాటతో తెల్లవారుతుంది. ఆ పాట హూలాక్ గిబ్బన్లది. 'ఈ చెట్లు మావి' అని ఆలుమగలు కలిసి పక్క కుటుంబాలకు చెప్పడం అన్నమాట.

గిబ్బన్ చూడటానికి కోతిలా ఉన్నా దానికి తోక ఉండదు. గొరిల్లా, చింపాంజీల్లాగా ఇదీ ఏప్ జాతిదే. మన దేశపు అడవుల్లో కనిపించే ఏప్‌లు ఇవే. పొడవైన చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ వెళ్తాయి. నేల మీదికి దిగడం చాలా అరుదు.

గిబ్బన్ పిల్ల రెండేళ్ల దాకా తల్లిని కరుచుకునే ఉంటుంది. పిల్లను పట్టాలంటే వేటగాళ్లు ముందు తల్లిని చంపుతారు. అలా మనుషుల మధ్య పెరిగిన పిల్లకు ఏ పండు తినాలో, ఏ కొమ్మ తన బరువు ఆపుతుందో తెలియదు.

మేఘాలయలోని గారో కొండల్లో, తురా పట్టణం దగ్గర హూరో అనే సంస్థ ఇలాంటి అనాథ గిబ్బన్లను చేరదీసింది. ఇలాంటి కేంద్రాల్లో మొదట ఆరోగ్య పరీక్షలు చేస్తారు. ఎందుకంటే మన జబ్బులు వాటికీ అంటుకుంటాయి. తర్వాత తాళ్లు, కొమ్మలు కట్టిన ఎత్తైన బోనుల్లో ఊగడం అలవాటు చేస్తారు. మెల్లగా మనుషులకు దూరం చేసి, జోడీని కలుపుతారు. ఇన్ని చేసినా, వేట లేని దట్టమైన అడవి దొరికితేనే వదలగలరు.

అలాంటి అడవి దొరకడమే కష్టం. అస్సాంలోని జోర్హాట్ జిల్లాలో హోలొంగాపార్ గిబ్బన్ అభయారణ్యం ఉంది. దీన్ని 1997లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 21 చదరపు కిలోమీటర్లు. దాని మధ్య నుంచి రైలు మార్గం పోతుంది. పట్టాల మీద కొమ్మలు కలవకపోతే గిబ్బన్లు అటు ఇటు దాటలేవు. అందుకే అక్కడ చెట్లు పెంచి, కొమ్మల వంతెనలు ఏర్పరచే ప్రయత్నం జరుగుతోంది. రైల్వే పిల్లలుగా ఈ సంగతి మనకు మరీ దగ్గరిది.

మనకు బదిలీ అయితే బడి మారుతుంది, స్నేహితులు మారతారు. అయినా అమ్మ మనతోనే వస్తుంది. గిబ్బన్ పిల్లకు తల్లి పోతే బడీ, ఇల్లూ ఒకేసారి పోతాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గిబ్బన్‌ను పట్టినా, పెంచినా నేరమే. బట్టలు తొడిగిన బుజ్జి గిబ్బన్ వీడియో ఫోన్‌లో కనిపిస్తే ముచ్చటపడి పదిమందికీ పంపకుండా, 'దీని తల్లి ఏమైంది?' అని అడుగుదాం.