వడ్డీకి ఆశపడితే అసలుకే ఎసరు!

"నీ బిట్‌కాయిన్‌కి వడ్డీ ఎంతొస్తుందిరా?" అని అడిగారు నాన్న. ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప మరోటి ఎరగని మనిషి.

"రాదు నాన్నా. బీరువాలో బంగారం లాంటిదది" అన్నాను.

"మరి పనిలో పెట్టే దారే లేదా?"

ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉండిపోయింది.

దారులున్నాయి. 2009లో మొదలైన బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో సుమారు 10 నిమిషాలకో కొత్త బ్లాక్ చేరుతుంది. సెకనుకు ఏడు లావాదేవీలకు మించి సాగడం కష్టం. ఆ భారం తగ్గించడానికి పైన మరో అంచె కట్టారు. అందులో పేరున్నది లైట్నింగ్ నెట్‌వర్క్. కిరాణా కొట్లో ఖాతా ఉంటుంది చూడండి, అలాంటిదే. ఇద్దరు కలిసి కొంత సొమ్ము అసలు నెట్‌వర్క్‌లో బిగించి ఒక చానెల్ తెరుస్తారు. ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా చివరి లెక్క మాత్రమే అసలు పుస్తకానికి ఎక్కుతుంది. మధ్యలో ఇతరుల చెల్లింపులు మీ చానెల్ గుండా వెళ్తే టోల్ గేటులా చిన్న రుసుము మీకొస్తుంది.

నేనూ ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, నాలుగు చానెళ్ళలో 20 లక్షల సతోషీలు ఉంచాను. కంగారు పడకండి, 10 కోట్ల సతోషీలైతే ఒక బిట్‌కాయిన్. మూడు నెలలకు వచ్చిన రుసుము 1,840 సతోషీలు! చానెళ్ళు తెరవడానికి అయిన ఖర్చే అంతకంటే ఎక్కువ. కరెంటు సంగతి సరేసరి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు డిస్క్ పాడైంది. నెల కిందటి కాపీ ఉంది కదా అని దాన్నే ఎక్కించాను. ఒక చానెల్‌లో అవతలి కంప్యూటర్ పలకకపోతే, నేనే బలవంతంగా మూసేశాను. అదే నా కొంప ముంచింది. పాత లెక్క బయటపెడితే ఈ పద్ధతిలో అది మోసం కిందే లెక్క. నిబంధన ప్రకారం ఆ చానెల్‌లో నా వాటా మొత్తం, దాదాపు ఐదు లక్షల సతోషీలు, అవతలివాళ్ళకి పోయాయి. తప్పు పూర్తిగా నాదే. మిగతా మూడూ అవతలివాళ్ళు తాజా లెక్కతో మూసేశారు కాబట్టి బతికిపోయాను.

వేరే దారులూ లేకపోలేదు. రూట్‌స్టాక్‌లో బిట్‌కాయిన్‌కి బదులు టోకెన్ తీసుకుని అప్పులివ్వవచ్చు. స్టాక్స్‌లో దాని సొంత నాణేన్ని కట్టిపెడితే ప్రతిఫలం బిట్‌కాయిన్‌లో వస్తుంది. కానీ ఆ నాణెం ధర పడిపోతే? వచ్చిన వడ్డీ ఏ మూలకీ చాలదు. ఇక ఏ అంచెలూ లేకుండా, "మాకివ్వండి, వడ్డీ ఇస్తాం" అన్న సెల్సియస్ సంస్థ 2022 జూన్‌లో ఉపసంహరణలు ఆపేసి, జులైలో దివాలా పిటిషన్ వేసింది.

మన దేశంలో పన్ను మరో మెలిక. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మిన లాభంపై 30 శాతం కట్టాలి. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేసుకోవడం కుదరదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా రాబడి అంటే మూడు ప్రశ్నలు వేస్తాను. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? తాళం ఎవరి దగ్గరుంటుంది? వద్దనుకుంటే వెనక్కి ఎలా రావాలి? ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా దూరం.

నష్టం సంగతి నాన్నకి చెప్పాను. "ఐదు లక్షలా!" అని అదిరిపడ్డారు.

"సతోషీలు నాన్నా, రూపాయలు కాదు."

"ఏదైతేనేం... మిగిలింది బీరువాలోనే ఉండనీ" అన్నారు.